లంచము - విద్యార్థుల నీతివిచారము

లంచము తీసికొనుట తప్పా, ఒప్పా అని ఏ విద్యార్థిని అడిగినను ఒకటే సమాధానము వచ్చును: తప్పు. ఇంతకు భిన్నముగా చెప్పిన విద్యార్థి నా ముప్పదియేండ్ల ఉపాధ్యాయవృత్తిలో నాకు తటస్థపడలేదు. కావున నీతి తెలియకపోవుట వలన లంచములు పుట్టుచున్నవని నేననుకొనను. నీతి అందరికిని తెలియును. అయితే బల్లకు ఆవలి ప్రక్కన ఒక గుమాస్తా కూర్చుండి, మన కాగితమును కదలనీయనప్పుడు ఆ తెలిసిన నీతి మన మనస్సులో ఏ దారిని పోవును? ఎక్కడ మలుపు తిరుగును? ఏ మాటలను ఆసరాగా తెచ్చుకొనును? దానిని గూర్చియే ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచితిని.

నేను తత్త్వశాస్త్రము బోధించువాడను. నీతిశాస్త్రము పాఠమునకు వచ్చినప్పుడు ఏటేట నా విద్యార్థులకొక చిన్న కథ చెప్పి, వారి అభిప్రాయమును పేరు లేకుండ కాగితముపై వ్రాసి ఇమ్మని అడుగుట నాకలవాటు. కథ యిది. ఒక పేదయింటి పిల్ల కళాశాలలో చేరినది. ఉపకారవేతనమునకు ఆదాయ ధ్రువపత్రము కావలెను. గడువు రేపటితో తీరిపోవును. ఐదువందల రూపాయలిచ్చినచో సాయంకాలమునకే పత్రము చేతికి వచ్చుననియు, లేనిచో పదిదినములు పట్టుననియు కార్యాలయములోని గుమాస్తా చెప్పినాడు. పిల్ల తండ్రి కూలివాడు. తిరిగినచో ఐదువందలు అప్పు పుట్టును. ఆ పిల్ల ఇప్పుడేమి చేయవలెను? ఎందుచేత?

ఇందులో "ఎందుచేత" అన్న మాటయే నాకు ముఖ్యము. ఇయ్యవలెనన్న వారినందరిని ఒక కట్టగను, కూడదన్న వారినందరిని ఇంకొక కట్టగను కట్టినచో మనకు తెలియునది స్వల్పము. ఒకే తీర్పు వెనుక పది కారణములుండవచ్చును. ఆ కారణములలోనే మనిషి కనబడును.

వచ్చిన సమాధానములలో కొన్నిటిని వారి మాటలలోనే వినిపించెదను. "ఇవ్వాలి. ఐదువందలు మళ్ళీ సంపాదించుకోవచ్చు, పోయిన చదువు మళ్ళీ రాదు" అని ఒకరు. "అందరూ ఇస్తున్నారు. ఈ అమ్మాయి ఒక్కతే ఇవ్వకపోతే లోకం మారిపోతుందా?" అని ఇంకొకరు. "ఇది లంచమేమిటి సార్, మామూలే కదా" అని మరొకరు. "ఇవ్వకూడదు, ఇస్తే నేరం" అని కొందరు. "గుమాస్తాకూ పిల్లలుంటారు, ఆయన కూడా ఉద్యోగానికి ఎంత పోశాడో" అని ఒకరు జాలిపడిరి. "ఇప్పుడు ఇచ్చి చదువుకోనివ్వండి. రేపు ఆమె కలెక్టరయితే ఇలాంటివాళ్ళను ఒక్కరినీ వదలదు" అని ఒకరు ఆశపడిరి. ఏటేట పిల్లలు మారుచుందురు గాని, ఈ సమాధానములు మాత్రము పెద్దగా మారవు.

నిజమునకు ఇట్లు కథ చెప్పి కారణమడుగు పద్ధతి నాది కాదు. లారెన్స్ కోల్‌బర్గ్ అను మనస్తత్త్వవేత్త 1958లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసములో ఈ పద్ధతి ననుసరించెను. అతని కథ ప్రసిద్ధమైనది. భార్య మరణావస్థలో నున్నది. ఆమెను బ్రతికింపగల మందు ఒక వర్తకుని యొద్ద గలదు. వాడు దానికి అన్యాయమైన వెల చెప్పుచున్నాడు. హైన్జ్ అను ఆ భర్త మందును దొంగిలింపవచ్చునా? వచ్చునన్నను రాదన్నను కోల్‌బర్గ్‌కు ఒకటే. అతడు కారణమునే తూచెను. తూచి, మనిషి నీతివిచారము మూడు అంతస్తులుగా పెరుగునని సిద్ధాంతీకరించెను. మొదటి అంతస్తులో "నాకేమి శిక్ష పడును, నాకేమి లాభము" అన్నదే ప్రశ్న. రెండవ అంతస్తులో "నలుగురు నన్నేమందురు, చట్టమేమి చెప్పును" అన్నది ప్రశ్న. మూడవ అంతస్తులో "ఎవరి స్థానములో నిలిచి చూచినను ఇది న్యాయమేనా" అన్నది ప్రశ్న.

మనకు మిక్కిలి పనికివచ్చు విశేషమొకటి అతనికి తరువాత కనబడెను. పాఠశాలలో చదువునాడు చట్టమును, కట్టుబాటును గౌరవించి మాటలాడిన పిల్లలు కొందరు కళాశాలలో చేరిన పిమ్మట వెనుకకు జారినట్లు, "ఎవరి నీతి వారిది, ఎవరికి తోచినది వారికి ఒప్పు" అనుచున్నట్లు అతడును, అతని సహచరుడు క్రేమరును 1969లో వ్రాసిరి. పిమ్మట ఆలోచించి, అది పతనము కాదనియు, ఒక అంతస్తు విడిచి ఇంకొక అంతస్తు చేరక మునుపు మెట్లమీద నిలిచిన స్థితి యనియు కోల్‌బర్గ్ సర్దుకొనెను. ఇంటిలో పెద్దలు చెప్పినది చెప్పినట్లు నమ్మిన పిల్లవాడు విశ్వవిద్యాలయమునకు వచ్చి, పెద్దలు చెప్పునదొకటి, చేయునదొకటి అని గ్రహించును. గ్రహించిన వెంటనే "అంతా ఇంతే" అనును. తండ్రులందరును ఒకనాడు ఈ మాట విని ఉలికిపడినవారే. ఆ మాట అన్న పిల్లవాడు చెడిపోయినాడని తొందరపడి నిర్ణయింపరాదు. వాడు మెట్లమీద నున్నాడు. పైకి పోవునా, క్రిందికి దిగునా అన్నది ఆ సమయమున వాని చేయి పట్టుకొనువారిని బట్టి యుండును.

కోల్‌బర్గ్ అంతస్తులను అందరును అంగీకరింపలేదు. కారల్ గిల్లిగన్ అను విదుషీమణి 1982లో ప్రచురించిన గ్రంథములో ఒక గట్టి ఆక్షేపణ చేసినది. న్యాయసూత్రమొక్కటే నీతికి కొలబద్ద కాదనియు, మనవారిని కాపాడుకొనుట, ఆదరించుట అన్నదియు ఒక నీతిమార్గమే యనియు ఆమె వాదము. మన విద్యార్థుల కాగితములు చదివినప్పుడు ఆమె మాట నాకు తరచు గుర్తునకు వచ్చును. "పోయిన చదువు మళ్ళీ రాదు" అని వ్రాసిన విద్యార్థి స్వార్థపరుడు కాడు. ఆ పిల్ల మీది కనికరముతోనే వాడు ఐదువందలు ఇమ్మన్నాడు. మన దేశములో లంచము ఇచ్చువారిలో పెక్కుమంది తమ కొరకు ఇయ్యరు. కూతురి సీటు కొరకు, తల్లి వైద్యము కొరకు, తమ్ముని ఉద్యోగము కొరకు ఇత్తురు. దుర్మార్గులు మాత్రమే చేయు పనియైనచో ఈ రోగము ఏనాడో కుదిరియుండెడిది. మంచివారు ప్రేమతో చేయు తప్పు కనుకనే దీనికి మందు దొరకుట కష్టముగా నున్నది.

ఇక మాటల సంగతి. "ఇది లంచము కాదు, మామూలు" అన్న సమాధానమును మరల తలచుకొనుడు. మామూలు అనగా వాడుక, రోజును జరుగునది. తప్పును ఆ పేరుతో పిలిచిన క్షణముననే అది తప్పు కాకపోవును. మన భాషలో దీనికెన్ని ముద్దుపేర్లు! చేయి తడుపుట, చదివించుట, ముడుపు, టీ ఖర్చులు, దారి ఖర్చులు. దేవునికి ముడుపు కట్టుదుము, పెండ్లిలో చదివింపులు చదివింతుము. ఆ పవిత్రమైన మాటలను తెచ్చి ఈ పనికి తొడిగితిమి. మనస్సాక్షిని నిద్రపుచ్చు ఉపాయములను గూర్చి ఆల్బర్ట్ బందూరా అను మనస్తత్త్వవేత్త విస్తారముగా వ్రాసెను. చెడ్డపనికి మంచిపేరు పెట్టుట, అంతకన్న పెద్ద చెడ్డతో పోల్చి దీనిని చిన్నదిగా చూపుట, బాధ్యతను అందరికిని పంచి ఎవరికిని లేకుండ చేయుట - ఇవి అతడు చెప్పిన ఉపాయములలో కొన్ని. నా విద్యార్థులు అతని గ్రంథములు చదువకయే వీటినన్నిటిని ఉపయోగించిరి. మనమును అంతే.

కొందరు శాస్త్రప్రమాణమును గూడ తెత్తురు. నీటిలోని చేప ఎప్పుడు నీరు త్రాగినదో తెలియనట్లే, ధనాగారమునందలి ఉద్యోగి ఎప్పుడు ధనమపహరించినాడో తెలియదన్న భావము కౌటిల్యుని అర్థశాస్త్రమున నున్నది కదా, ఇది అనాదిగా నున్నదే కదా యని వారి వాదము. కాని కౌటిల్యుడు ఆ పోలిక చెప్పి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రాజధనమును కాజేయు మార్గములు నలుబదింటిని లెక్కపెట్టి, వాటిని కనుగొను తనిఖీలను, తగిన శిక్షలను గూడ విధించినాడు. వైద్యుడు రోగలక్షణములను వ్రాయునది రోగమును ఒప్పుకొనుటకు కాదు గదా!

మరియొక వాదము బహు చమత్కారమైనది. "లంచమిచ్చిన పని త్వరగా జరుగును, అది వేగమునకు వెల" అన్నది. మన దేశమున అవినీతి నివారణను పరిశీలించుటకు 1962లో నియమింపబడిన సంతానం సంఘము 1964లో నివేదిక నిచ్చినది. ఆ సంఘము సిఫారసు పైననే కేంద్ర విజిలెన్సు కమిషను ఏర్పడినది. ఈ వేగపు సొమ్మును గూర్చి ఆ నివేదిక చర్చించినది. సొమ్ము వచ్చునన్న ఆశ కలిగినచోట కాగితమును కావలెననియే ఆపుట అలవాటగును. అనగా ఆలస్యమునకు మందుగా ఇచ్చిన లంచమే ఆలస్యమును పెంచి పోషించును. మన కథలోని పదిదినములను ఎవరు పుట్టించిరి? నిన్న వేరొకరు ఇచ్చిన ఐదువందలు.

ఇయ్యకూడదన్న విద్యార్థులు చట్టమును ఉదాహరించిరి గదా. ఆ చట్టమును గూర్చి ఒక మాట చెప్పవలెను. లంచములలో రెండు జాతులున్నవి. నాకు న్యాయముగా రావలసినదానిని ఆపి, నన్ను పీడించి పుచ్చుకొనునది ఒకటి. నాకు రాకూడని దానిని సంపాదించుటకు నేనును, అధికారియు కలిసి ఊరిసొమ్మును పంచుకొనునది రెండవది. మొదటిదానిలో ఇచ్చువాడు బాధితుడు, రెండవదానిలో భాగస్వామి. పీడింపబడి ఇచ్చినవానికి శిక్ష లేకుండ చేసినచో వాడు ధైర్యముగా వచ్చి ఫిర్యాదు చేయునని, అప్పుడు కేంద్రప్రభుత్వమునకు ముఖ్య ఆర్థిక సలహాదారుగా నున్న కౌశిక్ బసు 2011లో ఒక వ్యాసము వ్రాయగా దేశమంతటను పెద్ద చర్చ జరిగెను. కొందరు మెచ్చిరి, లంచమును చట్టమే ఒప్పుకొన్నట్లగునని కొందరు మండిపడిరి. తుదకు అవినీతి నిరోధక చట్టమునకు 2018లో చేసిన సవరణలో లంచమిచ్చుటయు నేరమేనని స్పష్టము చేసిరి. అయితే బలవంతము మీద ఇచ్చినవాడు ఏడుదినములలోగా అధికారులకు తెలియజేసినచో అతనికి ఆ నేరము వర్తింపదు. ఈ సంగతి నా తరగతిలో ఒక్కరికిని తెలియదు. చట్టము తప్పని చెప్పుచున్నదని అందరికిని తెలియును. చట్టము తమ ప్రక్కన నిలుచు చోటొకటి యున్నదని మాత్రము తెలియదు. భయపెట్టు భాగమే వారికి చేరినది. ఆదుకొను భాగము చేరలేదు.

విద్యార్థులు చెప్పుమాటలతో తృప్తిపడక, వారు చేయు పనులను పరీక్షించిన పండితులును గలరు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో అబిగెయిల్ బార్, డనీలా సెర్రా అను ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు నానాదేశముల విద్యార్థులచేత లంచపు ఆట యొకటి ఆడించిరి. ఒకడు పౌరుడు, ఒకడు అధికారి. వీరిద్దరి మధ్య లంచము జరిగినచో ఆ గదిలోనే యున్న ఇతరుల సొమ్ము తరుగును. ఆడినది నిజమైన డబ్బుతోనే. 2010లో ప్రకటించిన వారి ఫలితము లిట్లున్నవి. పట్టపు చదువులవారిలో, ఎవరి దేశమున అవినీతి ఎక్కువో వారు ఆటలోను ఎక్కువగా లంచమునకు పాల్పడిరి. కాని అంతకు పై చదువులవారిలో అట్టి సంబంధము కనబడలేదు. రెండవసారి పరీక్షించినప్పుడు, ఆ దేశమున గడపిన కాలము పెరిగినకొలది లంచమిచ్చు మొగ్గు తగ్గినట్లును తేలినది. పుట్టిన దేశమును బట్టి ఏ మనిషికిని ముందుగా ముద్ర వేయరాదని ఆ ఇద్దరును వ్రాసిరి. అలవాటు గాలివంటిది, గాలి మారినచో ఊపిరియు మారును.

మెల్బోర్న్, ఢిల్లీ, జకార్తా, సింగపూరు నగరములలో జరిగి 2009లో వెలువడిన ఇంకొక పరీక్ష కలదు. అందులో లంచము ఇచ్చువాడు, పుచ్చుకొనువాడుగాక, దానివలన నష్టపోవువాడు మూడవవాడు. ఈ మూడవవాడు తన చేతిసొమ్ము కొంత ఖర్చుపెట్టుకొన్నచో ఆ ఇద్దరిని శిక్షింపవచ్చును. తేలిన విశేషమేమనగా, లంచమునకు దిగుటలో ఆ నగరముల మధ్య నున్న తేడా కన్న, తప్పును శిక్షించుటకు పూనుకొనుటలో నున్న తేడా పెద్దది. మన ఢిల్లీలో ఆడినవారు మెల్బోర్న్‌వారి కన్న లంచమును ఎక్కువగా సహించిరి. అనగా మన లోపము దురాశలో కన్న ఓర్పులో ఎక్కువగా నున్నది. ఓర్పు మనకు చిన్ననాటినుండి నేర్పిన సుగుణమే. కాని పరుని నష్టము విషయమున ఓర్పు వహించుట సుగుణము కానేరదు.

బెంగుళూరులోని ఆరువందలకు పైబడిన కళాశాల విద్యార్థులతో రీమా హన్నా, షింగ్-యీ వాంగ్ అను ఇద్దరు పండితురాండ్రు జరిపిన పరీక్ష మనకు మరింత దగ్గరది. ప్రతి విద్యార్థియు ఒక పాచికను ఒంటరిగా 42 సార్లు వేసి, పడిన సంఖ్యలను తానే వ్రాసికొనవలెను. సంఖ్య పెరిగినకొలది డబ్బు పెరుగును. చూచువారెవ్వరును లేరు. ఒక్కని కాగితమును చూచి వాడు అబద్ధమాడెనని చెప్పలేము; గాని అందరి లెక్కలను కలిపి చూచినచో పాచిక అంత ఉదారముగా పడుట అసంభవమని తెలియును. 2017లో ప్రచురింపబడిన ఈ పరిశోధనలో ఎక్కువ సంఖ్యలు వ్రాసికొన్నవారు ప్రభుత్వోద్యోగమును కోరుకొనుట కొంత ఎక్కువగా కనబడినది. ఇట్టి పరీక్షనే డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో జరుపగా, 2019లో ప్రకటించిన ఫలితము తలక్రిందులుగా వచ్చెను. అక్కడ నిజాయితీపరులే ప్రభుత్వోద్యోగమును కోరుకొనిరి. పాచిక ఒకటే, పిల్లలును ఒకే ఈడువారు. ఇక్కడి పిల్లలకు ఆ కుర్చీ పై ఆదాయపు స్థానముగాను, అక్కడివారికి సేవాస్థానముగాను కనబడి యుండవచ్చునని నాకు తోచుచున్నది. కుర్చీకి ఆ పేరు తెచ్చినది విద్యార్థులు కాదు. వారికి ముందు అందులో కూర్చున్న మనము.

ఈ పరీక్షలను చదివిన పిమ్మట నా కథలోని లోపము నాకు తెలియవచ్చెను. నా కథలో పిల్ల, గుమాస్తా ఇద్దరే యున్నారు. లంచములో ఎప్పుడును ముగ్గురుందురు. మరుసటి సంవత్సరము కథకు ఒక వాక్యము చేర్చితిని: "ఆ పిల్ల వెనుక, అదే వరుసలో, ఐదువందలు అప్పుగూడ పుట్టని ఇంకొక పిల్ల నిలిచియున్నది." అంతే. తీర్పులు తారుమారైనవని చెప్పినచో అసత్యమగును. ఇయ్యవలెనన్నవారు ఆ ఏడును పెక్కుమంది యుండిరి. కాని "ఎవరికి నష్టం?" అన్న వాక్యము మాత్రము ఆ ఏడు ఒక్క కాగితములోను కనబడలేదు. ఇచ్చుటయే మేలన్నవారు గూడ "పాపం, ఆ రెండో అమ్మాయి సంగతేమిటి?" అని వ్రాసిరి. మూడవ మనిషి కంటబడినచో మనస్సు వెంటనే మంచిది కాకపోవచ్చును. కాని సుఖముగా నిద్రపోలేదు.

ఆ ఏడే జరిగినదొకటి చెప్పక విడువలేను. తరగతి ముగిసిన తరువాత ఒక కుర్రవాడు వెనుకకు నిలబడినాడు. ఎప్పుడును నోరు విప్పి మాటలాడినవాడు కాడు. "సార్, మా అన్నయ్యకు ఉద్యోగం కోసం నాన్న పొలం తాకట్టు పెట్టి డబ్బు కట్టాడు. ఉద్యోగం వచ్చింది. ఆ పొలం విడిపించాలి కదా అని అన్నయ్య ఇప్పుడు తీసుకుంటున్నాడు. నా హాస్టలు ఖర్చు ఆ డబ్బే. నేనేం చెయ్యను? తినడం మానెయ్యనా?" అని అడిగినాడు. నేను జవాబు వెదకుకొనుచుండగా వాడే మరల, "మీరెప్పుడూ ఇవ్వలేదా సార్?" అన్నాడు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. తెలిసికొనవలెనన్న ఆశ మాత్రమే యున్నది.

నేను ఇచ్చితిని. మా తండ్రిగారు గతించిన పిమ్మట మా అమ్మకు రావలసిన పింఛను కాగితములు ఒక కార్యాలయములో నెలల తరబడి కదలలేదు. మూడు పర్యాయములు తిరిగి, నాలుగవ పర్యాయము అడిగిన సొమ్ము చేతిలో పెట్టితిని. వారములోగా పని యైనది. ఇంటికి వచ్చి, జమాఖర్చుల పుస్తకములో ఆ పద్దును "ప్రయాణపు ఖర్చులు" అని వ్రాసితిని. ఆ పుస్తకమును మా ఇంటిలో నేను తప్ప చూచువారు లేరు. నాకు నేనే అబద్ధము వ్రాసికొంటిని. ఇచ్చినందుకంటె ఆ మాట వ్రాసినందుకే నేడును నాకు సిగ్గు కలుగుచున్నది. ఈ సంగతి ఆ కుర్రవానికి ఉన్నదున్నట్లు చెప్పితిని. "తినడం మానమని చెప్పే అధికారం నాకు లేదు బాబూ. కాని ఆ డబ్బును దాని సొంతపేరుతోనే పిలు. అది ఎవరి దగ్గర నుంచి వస్తున్నదో మరచిపోకు" అంటిని. అంతకు మించి చెప్పగల యోగ్యత నాకు లేకపోయినది.

కొన్ని మాసములకు వాడు మరల వచ్చెను. సాయంకాలములు పిల్లలకు పాఠములు చెప్పి తన ఖర్చులో సగము తానే సంపాదించుకొనుచున్నాడట. ఇంటిలో తండ్రి ఎదుట "అన్నయ్యా, ఇది లంచం" అన్నాడట. "అన్నయ్య రెండు నెలలు నాతో మాట్లాడలేదు సార్" అని చెప్పినాడు. చెప్పునప్పుడు వాని కంట నీరు తిరిగినది. అన్న మానెనా లేదా యని నేనడుగలేదు. ఒక ఇంటిలో ఆ మాట దాని సొంతపేరుతో ఒకమారు పలుకబడినది. దానికి ఆ పిల్లవాడు తన అన్న మాటను రెండు నెలలు వెలగా చెల్లించినాడు. నా తరగతిలో పదునైన సమాధానములు వ్రాసినవారెందరో కలరు. ఈ కుర్రవాని పరీక్ష వేరు.

ఇంతకును ఆ పిల్ల ఏమి చేయవలెను? నాకు వచ్చిన సమాధానములలో ఉత్తమమైనది ఒక విద్యార్థిని వ్రాసినది. "ఈ కథలో తప్పేమిటంటే ఆమె ఒక్కతే వెళ్ళింది. ఆమెతో మేం పదిమంది ఎందుకు లేము? గడువు రేపనగా ఇవాళ ఎందుకు వెళ్ళింది? నెల ముందే కాలేజీవాళ్ళు అందరి దరఖాస్తులూ కలిపి పంపితే ఆ గుమాస్తా ఎవరిని అడుగుతాడు?" ఆమె కాగితము చదివి నేను చాలసేపు కూర్చుండిపోతిని. మేము పండితులము నీతిని ఒంటరిమనిషి గుండెలో వెదకుచుంటిమి. ఆమె దానిని వరుసలో నిలిచినవారి మధ్య వెదకినది. ఒంటరిగా నున్న పేదపిల్లను వీరవనిత కమ్మని కోరుట అన్యాయము. పదిమంది కలిసి పోయినచో అచ్చట వీరత్వముతో పని లేదు. ఒక దరఖాస్తు, ఒక రసీదు చాలును. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము ఈ పని మీదనే పుట్టినది. కాగితము ఎవరి బల్లమీద ఎన్నాళ్ళున్నదని అడుగు హక్కు నేడు కూలివాని కూతురికిని గలదు. ముప్పదిదినములలో జవాబు చెప్పవలెను. రేపటి గడువునకు అది అక్కరకు రాకపోవచ్చును. రాబోవు ఏటి పిల్లకు వచ్చును.

ఈ మాటలు వినుచున్న తలిదండ్రులకు ఒక్క మనవి. విశ్వవిద్యాలయమునకు వచ్చునాటికి మీ పిల్లవాని నీతివిచారము సగము తయారై యుండును. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాసినప్పుడు, రాని మిత్రుని హాజరు తాను పలికినప్పుడు వాడు పాచికను ఒంటరిగా వేయుట నేర్చుకొనుచున్నాడు. భోజనముల వేళ "ఫలానావానికి జీతము కన్న పై ఆదాయమే ఎక్కువ" యని మనము మెచ్చుకోలుగా చెప్పుకొన్నప్పుడు, సంబంధము కుదుర్చుకొనుచు ఆ పై ఆదాయమును వరుని అర్హతలలో చేర్చినప్పుడు, వాడు ప్రక్కనే కూర్చుండి వినుచున్నాడు. మా తరగతిలో వాడు వ్రాయు సమాధానమునకు మొదటి వాక్యము మీ యింటిలోనే వ్రాయబడుచున్నది.

పిల్లలకు ఉపన్యాసములు చెప్పవలసిన పని లేదు. ఏనాడైన ఇంటిలో అట్టి ఖర్చు జరిగినచో జమాఖర్చుల పుస్తకములో దానిని దాని పేరుతోనే వ్రాయుడు. వ్రాయుటకు చేయి ఆడనిచో, ఇచ్చుటకు ముందే ఒక్క నిమిషము ఆగి, మన వెనుక వరుసలో ఎవరు నిలిచియున్నారో తిరిగి చూడుడు. మా అమ్మ పింఛను కొరకు నేను సొమ్ము ఇచ్చిననాడు నా వెనుక ఒక వృద్ధురాలు చేతిలో సంచితో కూర్చుండి యుండెను. ఆమె పని ఆనాడు అయినదా లేదా యని నేను తిరిగి చూడలేదు.